తలపునకు పట్టు కాలము

“నిదానమే ప్రధానము” అని మన పెద్దలు చెప్పుదురు. “ఆలస్యము అమృతమును విషము చేయును” అనియు ఆ పెద్దలే చెప్పుదురు. ఈ రెండు మాటలును ఒకే ఇంటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే నోట, వినబడుచుండును. ఏది ఎప్పుడు నిజమో సామెత చెప్పదు. అది వినువారి వివేకమునకు విడువబడినది. త్వరగా ఆలోచించుటయు, నిదానముగా ఆలోచించుటయు మనలోని రెండు వేఱు శక్తులా, లేక ఒకే శక్తికి రెండు నడకలా? ఈ ప్రశ్న చుట్టును రెండు వందల యేండ్లకు పైగా జరిగిన పరిశోధనలో గణితశాస్త్రము పెద్ద పాత్ర వహించినది. ఆ చరిత్రను స్థూలముగా శ్రోతల ముందుంచుట ఈ ప్రసంగోద్దేశము.

కథ ఒక చిరుద్యోగి పని పోవుటతో మొదలగుచున్నది. ఇంగ్లండులోని గ్రీన్‌విచ్ నక్షత్రశాలకు నెవిల్ మాస్కెలిన్ అధిపతిగా నుండిన కాలమది. ఆయన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్. దూరదర్శినిలో సన్నని తీగలు అడ్డముగా అమర్చబడి యుండును. నక్షత్రము తీగను దాటు క్షణమును కంటితో చూచుచు, గడియారపు చప్పుడును చెవితో లెక్కించుచు, సెకనులో పదవ వంతు వఱకు అంచనా కట్టి వ్రాయుట వారి పని. మాస్కెలిన్ తన లెక్కలను సహాయకుని లెక్కలతో సరిచూడగా కిన్నెబ్రూక్ ఆలస్యముగా వ్రాయుచున్నట్లు తేలినది. హెచ్చరించినను తేడా తగ్గలేదు సరికదా, 1796 జనవరి నాటికి 0.8 సెకను వఱకు పెరిగినది. మాస్కెలిన్ అతనిని పనినుండి తొలగించెను. నక్షత్రములనుబట్టి గడియారములను దిద్దుకొని, ఆ లెక్కలతో సముద్రముపై ఓడలను నడపుకొను దేశమునకు అది ఉపేక్షింపదగిన తేడా కాదు.

ఇరువది యేండ్లు గడచిన పిమ్మట ఈ ఉదంతము ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నక్షత్రశాలాధిపతి బెస్సెల్ కంటబడినది. తప్పంతయు సహాయకునిదే యని ఆయన సరిపెట్టుకొనలేదు. 1820 ప్రాంతమున తన లెక్కలను మరియొక నిపుణుని లెక్కలతో పోల్చి చూడగా, అనుభవశాలురైన ఆ యిరువుర నడుమనే సుమారు ఒక సెకను తేడా కనబడెను! అనగా ఎవరి మనస్సు కాలము వారికి కలదు. కన్ను చూచినదానిని, చెవి విన్నదానిని ఒకచోట చేర్చి “ఇదిగో, ఇప్పుడు” అని నిశ్చయించుటకు ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యవధి పట్టును. ఈ తేడాకు ‘వ్యక్తిగత సమీకరణము’ అను పేరు వచ్చినది. కిన్నెబ్రూక్ 1802లోనే మరణించి యుండెను. తన లోపము మానవులందరిలోను ఏదో యొక రూపమున నున్నదేయని అతనికి తెలియలేదు.

అయినను ఆ వ్యవధిని ఎట్లు కొలుచుట? నాడిలో వార్త ప్రయాణము చేయు వేగమును కొలుచు సాధనము మానవునకు ఎన్నటికిని లభింపదని నాటి ప్రసిద్ధ శరీరశాస్త్రజ్ఞుడు యోహానెస్ ముల్లర్ తలచెను. ఆయన శిష్యుడే హెల్మ్‌హోల్ట్స్. బెస్సెల్ నివసించిన ఆ కోనిగ్స్‌బర్గ్ పట్టణముననే 1850లో హెల్మ్‌హోల్ట్స్ ఆ పనికి పూనుకొనెను. కప్ప కాలి కండరమును, దానికి చేరు నాడిని తీసికొని, నాడిని ఒకసారి కండరమునకు దగ్గరగాను, ఒకసారి దూరముగాను విద్యుత్తుతో తాకించెను. దూరమునుండి తాకించినప్పుడు కండరము ముడుచుకొనుట కొంచెము ఆలస్యమాయెను. ఆ ఆలస్యమును, ఆ దూరమును లెక్కించగా నాడీవార్త వేగము సెకనుకు సుమారు 27 మీటర్లని తేలినది. గంటకు నూఱు కిలోమీటర్ల కంటె కొంచెము తక్కువ. మన మెయిలుబండి పరుగుతో పోల్చదగిన వేగము! మనోవేగమునకు మించిన వేగము లేదను నమ్మకమునకు ఇది పెద్ద దెబ్బ. తలపు కూడ లోకములోని ఇతర వ్యాపారములవలె కాలమును వెచ్చించి జరుగునదే యని ఋజువైనది.

తరువాతి అడుగు హాలండు దేశమున పడినది. ఉట్రెక్ట్ నగర వైద్యాచార్యుడు డొండర్స్ 1868లో ఒక సులభమైన ఉపాయమును ప్రకటించెను. ఏ పాదమునకు విద్యుత్ తాకిడి వచ్చునో ముందే చెప్పి, తాకిన వెంటనే ఆ ప్రక్క చేయి కదపుమనిరి. పిమ్మట ఏ పాదమునకు వచ్చునో చెప్పక, వచ్చిన ప్రక్క చేయి కదపుమనిరి. రెండవ పనిలో కుడియెడమలను తేల్చుకొనవలెను. రెండవ కాలమునుండి మొదటి కాలమును తీసివేసినచో మిగులునది ఆ నిశ్చయమునకు పట్టిన కాలమే కదా! అది సుమారు సెకనులో 15వ వంతు. చిన్నపిల్లలు చేయు తీసివేత లెక్కతో మనస్సులోపలి పనిని కొలుచుట ఎంత చిత్రము! కాని లోపము లేకపోలేదు. ఒక పనిని అదనముగా చేర్చినప్పుడు మిగిలిన పనులన్నియు మునుపటివలెనే నిలిచియుండునని ఎవరు చెప్పగలరు? క్యుల్పె అను మనశ్శాస్త్రజ్ఞుడు 1893లో ఈ ఆక్షేపణనే తెచ్చెను. ఇంతకంటె ముఖ్యమైన చిక్కు మరియొకటి కలదు. తొందరపెట్టినచో ఎవరైనను త్వరగా జవాబు చెప్పుదురు; కాని తప్పులు పెరుగును. కాలమును మాత్రము కొలిచి తప్పును కొలువనివాడు సగము సంగతిని మాత్రమే చూచినవాడగును.

ఈ ప్రయోగములతో సంబంధము లేకుండ గణితజ్ఞులు మరియొక దారిని నడచుచుండిరి. లింకన్ పట్టణమున చెప్పులు కుట్టువాని కుమారుడై జన్మించి, ఐర్లండులోని కార్క్ నగరమున ఆచార్యుడైన జార్జ్ బూల్ 1854లో ఆలోచనా నియమములను గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. ఎఱ్ఱని వస్తువులనుండి మరల ఎఱ్ఱని వాటిని ఏఱినచో మొదటి ఎఱ్ఱని వస్తువులే మిగులును. దీనిని ఆయన ఒక అక్షరమును దానిచేతనే గుణించిన ఆ అక్షరమే వచ్చునని వ్రాసెను. సామాన్య సంఖ్యలలో ఈ నియమమునకు లోబడునవి సున్నయు, ఒకటియు మాత్రమే. ఈ బీజగణితమే తరువాతి కాలమున కంప్యూటరు నిర్మాణమునకు పునాదులలో నొకటైనది. అయితే బూలు బీజగణితములో గడియారము లేదు. అది సరియైన ఆలోచన ఎట్లుండవలెనో చెప్పును. మనుష్యుడు ఎంతసేపు ఆలోచించునో, ఎప్పుడు ఆపునో చెప్పదు. కాలమును కొలుచువారి వద్ద తర్కము లేదు. తర్కము నేర్చినవారి వద్ద కాలము లేదు. ఈ రెండింటిని కలిపిన సూత్రము యుద్ధకాలమున, మనశ్శాస్త్రముతో నిమిత్తము లేని యొక పనిలో పుట్టినది.

1943లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రజ్ఞుల బృందమొకటి సైనికావసరములకై పనిచేయుచుండెను. ఫిరంగి గుండ్ల మేలిరకమును పరీక్షించుటకు ఎన్నో గుండ్లను పేల్చి చూడవలసి యుండెను. పేల్చినది పరీక్షకు తప్ప మరి దేనికిని పనికిరాదు. అనుభవముగల అధికారి మొదటి కొన్ని గుండ్లను చూచినంతనే ఇక పరీక్ష అనవసరమని గ్రహించునని నౌకాదళ అధికారి యొకడు వ్యాఖ్యానించెను. ఆ మాటను వాలిస్, ఫ్రీడ్‌మన్ అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు పట్టుకొని, తమ సహచరుడగు ఏబ్రహాం వాల్డ్ ముందుంచిరి. 1902లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున జన్మించి, వియన్నాలో చదివి, 1938లో అమెరికా చేరిన శుద్ధ గణితజ్ఞుడు వాల్డ్. అనుభవజ్ఞుని చురుకుదనమునకు ఆయన ఒక గణితరూపమును కల్పించెను. దానిని వరుస పరీక్ష యందుము.

దాని మర్మమును రెండు సంచులతో తెలిసికొనవచ్చును. ఒక సంచిలో మూడింట రెండు వంతులు ఎఱ్ఱపూసలు, ఒక వంతు తెల్లపూసలు. రెండవ సంచిలో తెల్లవి రెండు వంతులు, ఎఱ్ఱవి ఒక వంతు. ఏదో యొక సంచిని మీ ముందుంచిరి. అది ఏదో చెప్పవలెను. ఒక్కొక్క పూసను తీసి, చూచి, మరల సంచిలో వేసి కలుపుచుండవలెను. ఎఱ్ఱపూస వచ్చినచో అది ఎఱ్ఱసంచి యనుటకు ఒక మెట్టు పైకి. తెల్లపూస వచ్చినచో ఒక మెట్టు క్రిందికి. ఒక ప్రక్కకు ఎన్ని మెట్లు చేరినప్పుడు తీర్పు చెప్పవలెనో ముందే నిశ్చయించుకొనవలెను.

ఒక్క మెట్టు చాలునన్నచో ఒకే పూసతో తీర్పు ముగియును; కాని మూడింట ఒకసారి తప్పు జరుగును. రెండు మెట్లు కావలెనన్నచో సగటున 3.6 పూసలు తీయవలెను. తప్పు ఐదింట ఒకటికి తగ్గును. మూడు మెట్లయినచో సగటున 7 పూసలు, తొమ్మిదింట ఒక తప్పు. నాలుగు మెట్లయినచో 10 పూసలకు పైగా, పదునేడింట ఒక తప్పు. ఇందు గమనింపవలసిన దేమనగా, తీర్పు చెప్పు పద్ధతి ఎక్కడను మారలేదు. మారినది హద్దు ఒక్కటే. ఆ యొక్క అంకెను తగ్గించిన తొందరపాటు, పెంచిన నిదానము! ఒకే హద్దు పెట్టుకొన్నను, స్పష్టమైన సాక్ష్యము వరుసగా వచ్చినప్పుడు తీర్పు త్వరగా ముగియును. సాక్ష్యము ఊగిసలాడినప్పుడు అదే మనస్సు చాలసేపు వేచియుండును. తప్పుల పరిమితి ఒకటే యైనప్పుడు, సగటున ఇంతకంటె తక్కువ సాక్ష్యముతో తీర్పు చెప్పగల పద్ధతి వేఱొకటి లేదని వాల్డ్, వొల్ఫోవిట్స్ అను మిత్రునితో కలిసి 1948లో నిరూపించెను.

ఆ యుద్ధకాలముననే ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో శత్రువుల రహస్యలిపిని ఛేదించుచుండిన అలన్ ట్యూరింగ్ కూడ సాక్ష్యమును సంవర్గమానములతో తూచి, హద్దు చేరువఱకు కూడు పద్ధతిని వాడెను. ఒక తీరమువారికి మరియొక తీరమువారి పని తెలియకయే, ఒకే ఆలోచన రెండు చోట్ల మొలచినది.

వాల్డ్ కథకు మన దక్షిణదేశముతో విషాదకరమైన సంబంధము కలదు. 1950లో ఆయన భారతదేశమున ఉపన్యాస పర్యటన చేయుచుండెను. ఆ సంవత్సరము డిసెంబరు 13న ఆయనయు, ఆయన భార్యయు ప్రయాణించుచున్న విమానము నీలగిరి కొండలలో కూలిపోయినది. ఇరువురును మరణించిరి. తీర్పుల సిద్ధాంతమును గూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడినది ఆ యేడే.

ఆయన సూత్రమును మానవుని మనస్సునకు అన్వయించిన పని తరువాతివారిది. 1960లో మర్విన్ స్టోన్ అను గణాంకశాస్త్రజ్ఞుడు, డొండర్స్ ప్రయోగముల వంటి వాటిలో మనస్సు వరుస పరీక్షయే చేయుచుండవచ్చునని సూచించెను. 1978లో రోజర్ రాట్‌క్లిఫ్ దీనిని సంపూర్ణ సిద్ధాంతముగా తీర్చిదిద్దెను. నీటిలో పుప్పొడినుండి రాలిన నలుసులు ఎడతెగక కదలాడుచుండుటను రాబర్ట్ బ్రౌన్ 1827లో గమనించెను. 1905లో ఐన్‌స్టైన్ దానికి గణితము చెప్పెను. ఆ గణితమే ఇచట తలపు కదలికకు వాడబడినది. రెండు గట్ల నడుమ పడవను ఊహింపుడు. సాక్ష్యమను ప్రవాహము దానిని సరియైన గట్టువైపు లాగుచుండును. గాలివిసురులు అటునిటు త్రోయుచుండును. ఏ గట్టును తాకిన ఆ తీర్పు. గట్లు దగ్గరగా నున్నచో ఒక విసురునకే పడవ తప్పు గట్టును తాకవచ్చును. దూరముగా నున్నచో ఆలస్యమగును. కాని ప్రవాహమే గెలుచును.

ఈ చిత్రము వలన త్వరపడి చేసిన తప్పునకు మూడు వేర్వేఱు కారణము లుండవచ్చునని స్పష్టమగుచున్నది. ప్రవాహము బలహీనమై యుండవచ్చును, అనగా విషయమే మనకు సరిగా తెలియదు. గట్లు మరీ దగ్గరగా నుండవచ్చును, అనగా మనకు ఓర్పు లేదు. పడవ మొదటినుండియు ఒక గట్టు చెంతనే కట్టబడి యుండవచ్చును, అనగా మనకు ముందే ఒక అభిప్రాయము కలదు. పైకి మూడును ఒకటే తప్పుగా కనబడును. జవాబులకు పట్టిన కాలములను, తప్పుల లెక్కను కలిపి పరిశీలించినచో గణితము ఈ మూడింటిని విడదీసి చూపగలదు.

దీని ప్రయోజనమునకు ఒక్క నిదర్శనము. వయస్సు మళ్ళినవారు చిన్న చిన్న ప్రశ్నలకు సైతము ఆలస్యముగా జవాబు చెప్పుట మన మెఱిగినదే. బుద్ధి మందగించినదని లోకము సులభముగా తీర్పు చెప్పును. రాట్‌క్లిఫ్, ఆయన సహచరులు 2001లో ప్రకటించిన పరిశోధనలో వృద్ధులకు, యువకులకు ఒకే పరీక్ష పెట్టి ఈ గణితముతో పరిశీలించిరి. ఆ పరీక్షలో వృద్ధుల ఆలస్యమునకు ముఖ్యకారణము సాక్ష్యమును గ్రహించు శక్తి తగ్గుట కాదు. వారు తప్పు చేయరాదని హద్దును దూరముగా పెట్టుకొనుటయు, కన్ను, చేయి తమ పనికి కొంత అధికకాలము తీసికొనుటయు! అన్ని పనులలోను ఇట్లే యని చెప్పుటకు వీలులేదు. జ్ఞాపకశక్తికి సంబంధించిన కొన్ని పరీక్షలలో శక్తి తగ్గుటయు కనబడుచున్నది. అయినను జాగ్రత్తను మాంద్యమని పొరబడుట ఎంత సులభమో ఇది చాటుచున్నది. తరగతిలో చివరగా చేయి ఎత్తు బాలుని విషయమునను ఇదే ప్రశ్న వేసికొనదగును.

ఇది కాగితము మీది ఊహ మాత్రమేనా? రాయిట్‌మన్, షాడ్లెన్ అను శాస్త్రజ్ఞులు 2002లో కోతులకు కదలు చుక్కల తెరను చూపి, అవి ఏ దిక్కునకు కదలుచున్నవో కంటిచూపుతో సూచించుట నేర్పిరి. ఆ సమయమున వాని మెదడులోని కొన్ని నాడీకణముల చురుకు క్రమముగా పెరుగుచు, ఇంచుమించు ఒకే మట్టమును చేరిన పిమ్మట తీర్పు వెలువడుచుండెను. చుక్కల కదలిక స్పష్టముగా నున్నప్పుడు ఆ పెరుగుదల వేగముగాను, అస్పష్టముగా నున్నప్పుడు మందముగాను ఉండెను. గణితజ్ఞుడు గీచిన గీతను పోలిన గీత మెదడులోను కనబడినది.

ఇక మన కాలమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన వాదమును స్పృశింపవలెను. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అను మనశ్శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన వ్యాసమున మానవుల సహజ నిర్ణయములలోని పొరపాట్లను వర్గీకరించిరి. 2000లో స్టానొవిచ్, వెస్ట్ అనువారు త్వరిత చింతనకు మొదటి వ్యవస్థయనియు, మంద చింతనకు రెండవ వ్యవస్థయనియు పేరులు పెట్టిరి. 2002లో ఆర్థికశాస్త్రమున నోబెల్ పురస్కారమందిన కానెమన్ 2011లో వెలువరించిన గ్రంథముతో ఆ పేరులు లోకమంతటను ప్రాకినవి. ఆయన 2024లో మరణించెను. ఆయన చెప్పిన లెక్కలలో ఒకదానిని మన రూపాయలలో చూతము. బ్యాటు, బంతి కలిసి 110 రూపాయలు. బ్యాటు వెల బంతి వెలకంటె 100 రూపాయలు అధికము. బంతి వెల యెంత? పదియని నోట తోచును. బంతి పది యైనచో బ్యాటు నూటపది. రెండును కలిసి 120. సరియైన జవాబు ఐదు. తోచినదానిని ఒకసారి సరిచూచుకొనుటయే ఇచట నిదానము చేసిన పని.

మనలో నిజముగా రెండు వ్యవస్థలు కలవా? క్రుగ్లాన్‌స్కీ, గిగెరెంట్సర్ అనువారు 2011లోనే త్వరిత నిర్ణయమునకును, విమర్శతో కూడిన నిర్ణయమునకును మూలసూత్రము లొకటే యని వాదించిరి. వాల్డ్ లెక్క నేర్పు పాఠము కూడ ఒకటి కలదు. ఒకడు త్వరగాను, ఒకడు ఆలస్యముగాను జవాబు చెప్పినంత మాత్రమున వారు రెండు వేఱు యంత్రములను వాడిరని చెప్పరాదు. ఒకే యంత్రము రెండు హద్దులతో అట్లు నడువగలదు. అయితే బ్యాటు, బంతి లెక్క ఈ సిద్ధాంతము ఎల్లను కూడ చూపుచున్నది. అచట ఊరక వేచియుండుట వలన లాభము లేదు. లెక్కను మరియొక రీతిగా వేసి చూడవలెను. పడవ, గట్లు అను చిత్రము ముఖ్యముగా ఒకటి రెండు సెకన్లలో ముగియు నిర్ణయములకు పుట్టినది. గంటలు, దినములు సాగు విచారణకు అది చాలదు.

అయినను ఒక్క సత్యము నిలిచియున్నది. హద్దు ఎక్కడ ఉండవలెనను ప్రశ్నకు జవాబు మనస్సులో లేదు. చేతనున్న పనిలో కలదు. వాల్డ్ తన చివరి గ్రంథమున చెప్పినట్లు, తప్పు వలన కలుగు నష్టమును, ఇంకను వేచియుండుట వలన కలుగు నష్టమును రెండింటిని తూచి హద్దును నిర్ణయింపవలెను. పాము కాటునకు మందు వేయువానికి క్షణము విలువైనది, ఆలస్యమే విషము. ఒక మనిషిని దోషియని నిర్ణయించువానికి తప్పు విలువైనది, నిదానమే ప్రధానము. సామెతలు రెండును నిజమే. అవి ఒకదానినొకటి ఖండించుట లేదు.

“తొందరలో అట్లు తోచినది, నేనేమి చేయుదును?” అని మనము తప్పుకొనుట కలదు. మనలోని ఏదో త్వరిత వ్యవస్థ మీద నేరమును మోపుట సుఖముగనే యుండును. కాని పూసల సంచి ముందు కూర్చున్నవానికి ఆ సాకు చెల్లదు. పూసలు ఏ రంగున వచ్చుననునది అతని చేతిలో లేదు; ఎన్ని చూచిన పిమ్మట నోరు విప్పవలెననునది మాత్రము అతని చేతిలోనే యున్నది.